వానొస్తేకీ వానొస్తేనేకీ తేడా

పోయిన నెల ఒక శనివారం రాత్రి పది గంటలకి మన బ్రాంచి వాట్సాప్ గ్రూపులో ఒక ఎక్సెల్ షీటు వచ్చి పడింది. సీఆర్టీ వాళ్లు పెట్టిన మాక్ టెస్టు మార్కులు. పైనుంచి కిందకి ర్యాంకుల వరస. కటాఫ్ దాటినవాళ్ల పేర్లకి ఆకుపచ్చ రంగు, దాటనివాళ్లకి ఎరుపు. ఆ రాత్రి హాస్టల్లో చాలామంది భోజనం మానేసి ఆ షీటే చూసుకున్నారు.

నా పేరు ఆకుపచ్చలో ఉంది. మా రూమ్మేటు పేరు ఎరుపులో ఉంది. అక్కడితో ఫోను పక్కన పెట్టేసేవాణ్నే కానీ, ఊరికే కాలమ్స్ విడివిడిగా చూశాను. న్యూమరికల్లో వాడికి 25కి 22, నాకు 13. లాజికల్లో ఇద్దరికీ దాదాపు సమానం. వెర్బల్లో నాకు 23, వాడికి 9. ఒక్కో సెక్షనుకి కటాఫ్ 11. అంటే నేను లెక్కల్లో రెండు మార్కులతో గట్టెక్కాను, వాడు ఇంగ్లీషులో రెండు మార్కులతో మునిగాడు.

నేను వెర్బల్ కోసం ఒక్క నిమిషం కూడా చదవలేదు. వాడు రెండు నెలలుగా రోజుకి ముప్ఫై పదాల చొప్పున సినానిమ్స్, యాంటోనిమ్స్ బట్టీ పడుతున్నాడు. బాత్రూమ్ తలుపు లోపలివైపు కూడా లిస్టు అంటించాడు. పళ్లు తోముకుంటూ నేను కూడా వాటిని చదివేవాణ్ని, కానీ నాకు అవన్నీ ముందే తెలుసు. అది నా గొప్పా? ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న గురించే.

సోమవారం బ్యాచులు విడగొట్టారు. ఆకుపచ్చవాళ్లు ఎ బ్యాచ్, ఎరుపువాళ్లు సి బ్యాచ్ (బి బ్యాచ్ ఎక్కడికి పోయిందో నన్నడక్కండి). ఎ బ్యాచ్‌కి అడ్వాన్స్‌డ్, సి బ్యాచ్‌కి బేసిక్స్. దాంతో న్యూమరికల్లో 22 తెచ్చుకున్నవాడు శాతాలు మొదటి పాఠం నుంచి మళ్లీ వింటున్నాడు. 13 తెచ్చుకున్న నేను అడ్వాన్స్‌డ్ క్లాసులో కూర్చుని, బోర్డు మీద ఏం జరుగుతోందో అర్థంకాక సీరియస్‌గా తల ఊపుతున్నాను.

నా గురించి కొంచెం చెప్పాలి. మాది విజయవాడ. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైను ఉండేది. ఇంట్లో ఇంగ్లీషు పేపరు, టీవీలో ఇంగ్లీషు కార్టూన్లు, ఆ తర్వాత సబ్‌టైటిల్స్‌తో సిరీస్‌లు. అందుకని ఒక వాక్యంలో తప్పెక్కడుందో కనిపెట్టమంటే నాకు గ్రామర్ రూలేమీ తెలీదు. చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది, అక్కడ క్లిక్ చేస్తాను. అది నా తెలివి అని నిన్నమొన్నటి దాకా నిజంగానే నమ్మాను. కాదు. మా అమ్మానాన్నలు పదిహేనేళ్లు ఫీజు కట్టి కొన్న చెవి అది.

మా రూమ్మేటుది తణుకు దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మీడియం. ఇంటర్లో ఇంగ్లీషు పుస్తకాలు చేతికిచ్చారు కానీ లెక్చరర్లు చెప్పేది తెలుగులోనే. ఎంసెట్లో స్క్రీను మీద ప్రశ్న రెండు భాషల్లోనూ కనబడుతుంది కదా, వాడు తెలుగువైపు చదివే ర్యాంకు తెచ్చుకున్నాడు. 2021 నుంచి జేఈఈ మెయిన్ కూడా తెలుగుతో కలిపి 13 భాషల్లో పెడుతున్నారు. అంటే ఇంజనీరింగ్ సీటు దాకా తెలుగు తోడొస్తుంది. కాలేజీ గేటు దగ్గర చెయ్యి వదిలేస్తుంది. మూడో ఏడాదిలో ఉద్యోగం పరీక్ష వచ్చేసరికి, తెలుగులో ఆలోచించే బుర్రకి విలువ సున్నా అన్నట్టు మాట్లాడతారు.

లెక్కల సంగతి ముందు చెప్తాను, అక్కడే నా పరువు పోయింది గనుక.

ఒకరోజు సాయంత్రం ఇద్దరం కలిసి ప్రాక్టీసు మొదలుపెట్టాం. ప్రశ్న ఇది: 25,000 రూపాయలకి ఏడాదికి 18 శాతం చొప్పున 16 నెలలకి బారువడ్డీ ఎంత? నేను ఫార్ములా రాసుకున్నా. పీ, టీ, ఆర్ కింద 100. టైము సంవత్సరాల్లో ఉండాలి కాబట్టి 16 కింద 12. దాన్ని 4 కింద 3 చేసి, 18తో గుణించి... ఈలోపు వాడు "ఆరు వేలు" అన్నాడు. పెన్ను కూడా పట్టుకోలేదు.

"ఎలా వచ్చిందిరా?"

"18 శాతం అంటే రూపాయిన్నర వడ్డీ కదరా. పాతిక వేలకి నెలకి 375. పదహారు నెలలకి ఆరు వేలు."

రూపాయిన్నర వడ్డీ ఏమిటో నాకు తెలీదు. నిజంగా తెలీదు, నవ్వకండి. నూరు రూపాయలకి నెలకి ఎంత ఇవ్వాలో అదే వడ్డీ రేటు అని వాడు చెప్పాడు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడంటే 36. ఇదంతా వాడికి ఏ క్లాసులోనూ చెప్పలేదు. వాళ్ల నాన్న కౌలు రైతు. వీడి హాస్టలు ఫీజు కోసం పోయిన జూన్‌లో 60,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకి 1,200. "ఉద్యోగం ఒక నెల లేటయితే పన్నెండొందలు లేటయినట్టు" అని వాడు మామూలుగా అనేసి పక్క ప్రశ్నకి వెళ్లిపోయాడు. నేను మాత్రం కాసేపు పాత ప్రశ్న దగ్గరే ఉండిపోయాను.

చక్రవడ్డీ కూడా అంతే. "రెండేళ్లకి చక్రవడ్డీకీ బారువడ్డీకీ తేడా ఎంత" అనే ప్రశ్న దాదాపు ప్రతి మాక్ టెస్టులోనూ ఉంటుంది. మా ట్రైనర్ దానికొక ఫార్ములా ఇచ్చారు: అసలు ఇంటూ, రేటు బై వంద, హోల్ స్క్వేర్. నేను మూడుసార్లు మర్చిపోయాను. వాడేమో "చక్రవడ్డీ అంటే వడ్డీకి వడ్డీ. రెండేళ్లలో వడ్డీకి వడ్డీ పడేది ఒక్కసారేగా?" అన్నాడు. పదివేలకి 10 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీ వెయ్యి. ఆ వెయ్యి మీద రెండో ఏడాది 10 శాతం, అంటే వంద. అదే తేడా. ఆ తర్వాత నాకు ఫార్ములా గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేకుండా పోయింది. తమాషా ఏమిటంటే, వాడు కూడా టెస్టులో ఇలా చెయ్యట్లేదు. ట్రైనర్ చెప్పిన ఫార్ములానే బట్టీ పట్టి, ఇంట్లో తెలిసిన వడ్డీ వేరు, క్లాసులో చెప్పే ఇంట్రెస్టు వేరు అనుకున్నాడు. రెండూ ఒకటేనని మేమిద్దరం ఆ సాయంత్రమే కనిపెట్టాం.

షార్ట్‌కట్లంటే నాకున్న కోపం ఇదే. షార్ట్‌కట్లు తప్పని కాదు. ఒక్కో ప్రశ్నకి నిమిషం కూడా ఉండని టెస్టులో అవి కావాలి. కానీ "ఈ టైపు వస్తే ఈ ఫార్ములా" అని నేర్పితే, టైపు కొంచెం మారగానే చేతులెత్తేస్తాం. ఒకరు ఒక పనిని 10 రోజుల్లో, ఇంకొకరు 15 రోజుల్లో చేస్తే ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు? లబ్ధం బై మొత్తం, 150 బై 25, ఆరు రోజులు. బాగానే ఉంది. అదే ప్రశ్నలో "రెండు రోజుల తర్వాత మొదటివాడు వెళ్లిపోతే" అని ఒక ముక్క కలిపారు. ఎ బ్యాచ్‌లో సగం మందిమి ఆగిపోయాం. మా రూమ్మేటు 10, 15ల క.సా.గు. 30 కాబట్టి ముప్ఫై బస్తాల పని అనుకున్నాడు. మొదటివాడు రోజుకి మూడు బస్తాలు మోస్తాడు, రెండోవాడు రెండు. రెండు రోజుల్లో పది బస్తాలు అయిపోయాయి. మిగిలిన ఇరవై రెండోవాడు రోజుకి రెండు చొప్పున పది రోజులు మోస్తాడు. మొత్తం 12 రోజులు. ఇంకో మనిషిని కలిపినా, మధ్యలో ఇద్దరు సెలవు పెట్టినా బస్తాల లెక్క చెడిపోదు.

అన్నట్టు, క.సా.గు. అంటే కనిష్ఠ సామాన్య గుణిజం. పన్నెండేళ్లు ఎల్‌సీఎం అని పిలిచాను కానీ, ఆ మూడు అక్షరాల వెనక ఏముందో ఎప్పుడూ పట్టించుకోలేదు. తెలుగు పేరు విన్నాకే, రెండింటికీ ఉమ్మడిగా ఉండే గుణిజాల్లో చిన్నది అని తట్టింది. ఇంగ్లీషు పేరులోనూ అదే ఉంది, నేనే చూడలేదనుకోండి.

ఇక ఎక్కాలు. వాడికి ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చు. స్క్రీను ముందు కూర్చుని పెదాలు కదుపుతూ "పదిహేడు ఆర్లు నూట రెండు" అనుకుంటాడు. నేను పదో ఎక్కం తర్వాత క్యాలిక్యులేటర్ తరం. డేటా ఇంటర్‌ప్రిటేషన్ టేబుల్ ఇచ్చి, ఏ సంవత్సరంలో అమ్మకాలు ఎక్కువ శాతం పెరిగాయని అడిగితే, నేను అన్నింటికీ పూర్తిగా భాగహారం చేసేవాణ్ని. వాడు కళ్లతోనే సగం ఆప్షన్లు కొట్టేస్తాడు. 40 నుంచి 50కి పెరగడం పావు వంతు, 80 నుంచి 92కి పెరగడం పావు వంతుకి ఎంతో తక్కువ, ఇక లెక్కెందుకు అంటాడు. ఎనిమిదో వంతు 12.5 శాతం, ఆరో వంతు 16.67 శాతం, ఇలాంటివి ఓ పదిహేను భిన్నాలు నోటికి వస్తే న్యూమరికల్ సెక్షనులో సగం భయం పోతుంది. ఇది నేను రెండు వారాల్లో నేర్చుకున్నాను. తర్వాతి మాక్‌లో నాకు 19 వచ్చాయి.

గమనించండి, రెండు వారాలు. నా లోటు రెండు వారాల్లో పూడింది, ఎందుకంటే నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పే మనిషి పక్క మంచం మీదే ఉన్నాడు. వాడి లోటుకి మాత్రం అందరూ చెప్పే మందు ఒక్కటే: ఇంకో మూడు వేల పదాలు బట్టీ పట్టు.

వెర్బల్ సెక్షన్ అని మనం పిలిచేదాంట్లో నిజానికి రెండు వేరువేరు వస్తువులు ఉన్నాయి. ఒకటి భాష. సినానిమ్స్, ప్రిపొజిషన్లు, ఎ పెట్టాలా ద పెట్టాలా వగైరా. రెండోది ఆలోచన. ఒక పేరా ఇచ్చి, కింద ఒక వాక్యం ఇచ్చి, పేరాని బట్టి అది నిజమా, అబద్ధమా, చెప్పలేమా అని అడగడం. ఈ రెండోది నిజమైన రీజనింగ్. రెండింటినీ ఒకే గిన్నెలో కలిపి, వచ్చిన మార్కుకి వెర్బల్ ఎబిలిటీ అని పేరు పెట్టారు.

దీన్ని పరీక్షించాలనిపించింది. రెండో రకం ప్రశ్నలు కొన్ని తీసుకుని, నాకొచ్చిన వచ్చీరాని తెలుగులోకి మార్చి వాడికి చదివి వినిపించాను. ఒకటి ఇలా ఉంటుంది: "గత ఐదేళ్లలో ఆ కంపెనీలో ఉద్యోగుల సంఖ్య రెట్టింపయింది. అదే కాలంలో లాభం 30 శాతం పెరిగింది. ఈ ఏడాది ఇద్దరు డైరెక్టర్లు రాజీనామా చేశారు." దీనికింద మూడు వాక్యాలు. ఒకటి, ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తే తలా ఒక్కరికి వచ్చే లాభం తగ్గింది. రెండు, లాభం సరిగ్గా పెరగలేదనే డైరెక్టర్లు రాజీనామా చేశారు. మూడు, ఐదేళ్ల కింద ఉద్యోగులు ఇప్పటికంటే ఎక్కువమంది.

మూడోది అబద్ధమని ఇద్దరం చెప్పాం. రెండోదానికి "చెప్పలేం" అన్నాం. ఇది అందరూ పడే గొయ్యి. రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే, ఒకటి ఇంకోదానికి కారణమని మనసు ముడేసేస్తుంది. పేరాలో "అందువల్ల" అనే మాట లేనప్పుడు మనం పెట్టకూడదు. వాడైతే ఇంకో మంచి మాటన్నాడు: మనకి బయట తెలిసిన విషయాన్ని కూడా టెస్టులో మర్చిపోవాలి. వాళ్ల ఊరి రైసు మిల్లు ఎందుకు మూతపడిందో వాడికి తెలుసు. కానీ పేరాలో రాయకపోతే, వాడికి కూడా తెలియనట్టే.

మొదటి వాక్యానికి నేను "చెప్పలేం" అన్నాను. అసలు అంకెలు ఇవ్వలేదు కదా అని. వాడు "నిజం" అన్నాడు. "నలుగురికి వండిన కూర ఎనిమిదిమందికి వడ్డించాలి. కూర పెంచింది 30 శాతమే. తలా ఓ ముద్ద తగ్గదేంట్రా?" అంకెలు అక్కర్లేదు, రెట్టింపూ 30 శాతమూ చాలు. తప్పు నాదే.

అలా పది ప్రశ్నలు చేశాం. తెలుగులో వింటే వాడికి తొమ్మిది వచ్చాయి. అదే స్థాయి పది ప్రశ్నలు ఇంగ్లీషులో, టైమర్ పెట్టి చేస్తే అయిదు. ఒక్క మనిషి, ఇరవై ప్రశ్నలు. దీన్ని పరిశోధన అనను. కానీ ఆ అయిదింటిలో ఎక్కడ జారాడో ఒక్కొక్కటి వెనక్కెళ్లి చూశాం, అక్కడే అసలు విషయం దొరికింది. వాడు జారింది పెద్దపెద్ద పదాల దగ్గర కాదు. "ఆల్ బట్ ఫినిష్డ్" అంటే దాదాపు అయిపోయిందని అర్థం. వాడు "అంతా, కానీ" అని చదివాడు. "హార్డ్‌లీ వర్క్స్" అంటే అసలు పనిచేయనట్టే. వాడికి అది కష్టపడి పనిచేస్తాడని వినిపించింది. "బారింగ్", "అన్‌లెస్", "నో ఫ్యూయర్ దాన్", "ఓన్లీ ఇఫ్", ఇవీ అంతే. వాక్యాన్ని తిప్పేసే చిన్న చిన్న బందులు. తలుపు ఎటు తెరుచుకుంటుందో ఇవే చెప్తాయి. ఇవి మొత్తం నలభై ఉంటాయేమో. వాడి మూడు వేల పదాల లిస్టులో వీటిలో ఒక్కటీ లేదు!

అప్పుడు ఇద్దరం కూర్చుని వీటికి తెలుగు జోడీలు రాశాం. నాకు ఇంజనీరింగ్ మొత్తంలో అంత సరదాగా గడిచిన రాత్రి ఇంకోటి లేదు. అట్ మోస్ట్ అంటే "మహా అయితే". అట్ లీస్ట్ అంటే "కనీసం". అన్‌టిల్ అంటే "దాకా". ఆల్దో అంటే "వచ్చినా, చేసినా" అన్నప్పుడు చివర వచ్చే ఆ దీర్ఘం. బారింగ్ అంటే "తప్ప". ఆల్ బట్ అంటే "అయిపోయినట్టే". అన్నింటికంటే అందమైనది ఇఫ్‌కీ ఓన్లీ ఇఫ్‌కీ తేడా.

డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఈ తేడా కోసం ట్రూత్ టేబుల్ గీసి, బాణం ఇటా అటా అని ఎంత కొట్టుకున్నామో గుర్తుందా? "వానొస్తే మ్యాచ్ ఆగిపోతుంది." వాన రాకపోయినా ఇంకేదైనా కారణంతో ఆగొచ్చు. "వానొస్తేనే మ్యాచ్ ఆగిపోతుంది." వాన తప్ప ఇంకేదీ ఆపలేదు; మ్యాచ్ ఆగిందంటే వానొచ్చినట్టే. తేడా అంతా ఒక్క "నే"లో ఉంది. మూడేళ్ల పిల్లాడికి కూడా "అన్నం తింటే చాక్లెట్టు", "అన్నం తింటేనే చాక్లెట్టు" అన్న రెండు బెదిరింపుల్లో ఏది గట్టిదో తెలుసు. మా రూమ్మేటుకి ఈ లాజిక్ పుట్టినప్పటి నుంచీ ఉంది. "ఓన్లీ ఇఫ్" అన్న రెండు మాటలు ఆ "నే" అని ఎవరూ చెప్పలేదు, అంతే.

తప్పులు కూడా చాలావరకు ఇలా లెక్క ప్రకారమే వస్తాయి. "సిన్స్ టూ ఇయర్స్" అని రాస్తే అందరం నవ్వుతాం. కానీ తెలుగులో "2022 నుంచి" అన్నా, "రెండేళ్ల నుంచి" అన్నా ఒకటే "నుంచి". ఇంగ్లీషు అక్కడ రెండుగా చీలింది: మొదలైన రోజుకి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. ఈ ముక్క చెప్పిన తర్వాత వాడు ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు. అంతకుముందు ఏడాదంతా "ఇది తప్పు" అని ఎర్రసిరా గీతలు పడ్డాయి కానీ, ఎందుకు చేస్తున్నావో ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి, టైము. వాడు ఇంగ్లీషు పేరాని రెండుసార్లు చదువుతాడు. మొదటిసారి తెలుగులోకి దించుకోడానికి, రెండోసారి అర్థం చేసుకోడానికి. నాకు రెండూ ఒకేసారి అయిపోతాయి. ఇద్దరికీ ఇచ్చిన టైము మాత్రం ఒకటే. టైము అయిపోయాక ఆ సెక్షను మూసుకుపోతుంది, వెనక్కి వెళ్లనివ్వరు. పోయిన నెలాఖరులో ఒక కంపెనీ ఇంటర్న్‌షిప్ కోసం పెట్టిన టెస్టులో సరిగ్గా ఇదే జరిగింది. వాడికి న్యూమరికల్ పూర్తయ్యేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి. ఆ నాలుగు నిమిషాలు వెర్బల్‌కి మార్చుకోడానికి వీల్లేదు. వెర్బల్లో చివరి పేరా తెరిచి కూడా చూడలేదు. కటాఫ్ దగ్గర ఆగిపోయాడు. నేను సెలక్టయ్యాను. ఆ రాత్రి ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఈ టెస్టులు ఎక్కణ్నించి వచ్చాయని వెతికితే ఒక సంగతి తెలిసింది. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగినప్పుడు లక్షల మంది సైనికులని తొందరగా వడకట్టాల్సి వచ్చి, మూకుమ్మడి పరీక్షలు తయారుచేశారు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు. ఆల్ఫా ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకి, బీటా చదవలేనివాళ్లకి. బీటాలో బొమ్మలు, దారి వెతికే చిక్కులు ఉండేవి; ఏం చెయ్యాలో చేతి సైగలతో చెప్పేవారు. అదేమీ పెద్ద న్యాయమైన పరీక్ష కాదు. బొమ్మలో ఏం లోపించిందో చెప్పమని నెట్ లేని టెన్నిస్ కోర్టు చూపించారట, జన్మలో టెన్నిస్ చూడని వలస కూలీలకి! ఆ పనిలో ఉన్న కార్ల్ బ్రిగమ్ 1923లో ఆ మార్కులు పట్టుకుని, ఫలానా దేశాలవాళ్లకి తెలివి తక్కువని పుస్తకం రాశాడు. 1926లో వచ్చిన శాట్ పరీక్ష కూడా ఆయన తయారుచేసిందే. 1930కల్లా తన పాత వాదన తప్పని తనే ఒప్పుకున్నాడు. నాకు నచ్చింది ఆ ఒప్పుకోలు. వందేళ్ల కిందటి సైన్యానికి కూడా భాష రానివాడిని వేరేగా పరీక్షించాలన్న పాటి ఆలోచన వచ్చింది. మనకి ఎక్సెల్‌లో ఎరుపు రంగు వెయ్యడం ఒక్కటే వచ్చింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఉద్యోగంలో ఇంగ్లీషు కావాలి కదా? మెయిల్స్ రాయాలి, క్లయింటుతో కాల్‌లో మాట్లాడాలి. నిజమే, కావాలి. నేను కాదనట్లేదు. అయితే మెయిల్ రాయించండి, రెండు నిమిషాలు మాట్లాడించండి. ముప్ఫై సెకన్లలో ఒక అరుదైన పదానికి వ్యతిరేక పదం చెప్పగలగడం మెయిల్ రాయడం కాదు. వేలమందిని వడకట్టడానికి కంపెనీలకి చవకైన జల్లెడ కావాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ జల్లెడలో మిగిలినవాళ్లని "రీజనింగ్ తక్కువ" అని పిలవడం వేరు. ఆ మాట కంపెనీలకంటే మనమే ఎక్కువ అంటున్నాం. సి బ్యాచ్ అనేసరికి మన గొంతు ఎలా మారుతుందో ఒకసారి వినండి.

ఇది రాస్తున్నానని చెప్తే మా రూమ్మేటు ఒప్పుకోలేదు. "నా మీద జాలి పుట్టేలా రాయకు మామా" అన్నాడు. వాడి వాదన వేరు. పరీక్ష మారాలని వాడు అడగట్లేదు. "అది మారేసరికి నా బీటెక్ అయిపోద్ది. నాకు ఇంగ్లీషు రావాలి, వస్తది. కాకపోతే వచ్చే దారి సరిగ్గా చూపించమను, చాలు." మేం దీనిమీద గంటసేపు గొడవపడ్డాం. పరీక్షే తప్పని నేను, నేర్పే పద్ధతి తప్పని వాడు. గొడవ తెగలేదు. కానీ ఆ టెస్టు రాయాల్సింది వాడు, అప్పు ఉన్నది వాడింట్లో. కాబట్టి కాలేజీని అడగాల్సినవి వాడి పద్ధతిలోనే అడుగుతున్నాను.

బ్యాచులు మొత్తం మార్కుల్ని బట్టి కాకుండా సెక్షన్‌ని బట్టి చెయ్యండి. వాడు లెక్కల్లో ఎ బ్యాచ్, నేను సి బ్యాచ్, ఇంగ్లీషులో తిరగేసి. సాఫ్ట్‌వేర్ కాలేజీలో రెండు ఎక్సెల్ షీట్లు చెయ్యడం అంత కష్టమా? ఎరుపు రంగు పేర్లు గ్రూపులో వెయ్యకండి. క్లాసులో ఇంగ్లీషు ప్రశ్నని తెలుగులో విడమర్చి చెప్పే ట్రైనర్‌ని తక్కువగా చూడకండి. మాకున్న ముగ్గురిలో ఒక మేడమ్ అలా చెప్తారు, ఆవిడ క్లాసులోనే బల్లలు నిండుతాయి.

ఈలోపు మేం ఆగలేదు. ప్రతి బుధవారం రాత్రి ఎనిమిదికి హాస్టల్ రీడింగ్ రూములో కూర్చుంటున్నాం. మొదట అయిదుగురం, ఇప్పుడు పద్నాలుగు మందిమి. ప్రశ్న ఇంగ్లీషులో చదువుతాం, గొడవ తెలుగులో పడతాం, జవాబు మళ్లీ ఇంగ్లీషులో రాస్తాం. బందుల లిస్టు ముప్ఫై ఏడు దాకా వచ్చింది. ఎవరికైనా కావాలంటే క్లబ్ గ్రూపులో అడగండి, పంపిస్తాను. లెక్కల్లో వీకైన ఇంగ్లీషు మీడియం బ్యాచ్‌కి కూడా తలుపులు తెరిచే ఉన్నాయి, సిగ్గుపడకండి. నేనే ఉన్నాను అక్కడ, పదమూడో ఎక్కం దగ్గర.

ఈ వ్యాసం రాశాక వాడికే చూపించాను. నా ఒత్తులూ దీర్ఘాలూ దిద్దడానికి వాడికి గంటన్నర పట్టింది. 61 తప్పులు లెక్కపెట్టి, 61 కింద 25 వేసి శాతం కట్టబోయి, "నీ వెర్బల్ కటాఫ్ దాటలేదురా" అన్నాడు. వచ్చే శనివారం ఇంకో మాక్ ఉంది. బాత్రూమ్ తలుపు మీద పాత లిస్టు చింపేసి, కొత్తది అంటించాం. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. అడుగున వాడు నాకోసం పదిహేడో ఎక్కం రాసి పెట్టాడు.